మేడపైవారు, మెట్లక్రిందివారు

చదువుకొన్న తెలుగు కుటుంబములలో నొకవిధమైన గర్వము బయలుదేరినది. "మా యింట తెలుగు సీరియళ్లు చూడము, ఇంగ్లీషువారి నాటకములు మాత్రమే చూతుము" అని చెప్పుకొనుట మర్యాదకు గుఱుతైనది. అత్తాకోడండ్ర కలహములు, విషప్రయోగములు, ఆగని కన్నీళ్లు మన సీరియళ్లలో మెండుగా నున్నవనుట నిజమే. అందుచేత రాత్రి భోజనములైన తరువాత ఇంటివారందఱు కలిసి కూర్చుండి, రెండువందలయేండ్ల క్రిందటి ఇంగ్లండులో నొక కన్య గుఱ్ఱపుబండి దిగుటయు, ఆమెను చూచి యొక జమీందారు మొగము ముడుచుకొనుటయు కనులారగాంచి ఆనందించుచున్నారు. తెరయడుగున అక్షరములు వచ్చుచుండును గనుక ఉచ్చారణ తెలియకున్నను చిక్కులేదు. ఈ గర్వము గలవారిలో నేనును ఒకతెను. "డౌన్‌టన్ ఆబీ" అను ధారావాహిక 52 భాగములను రెండుమాఱులు చూచినదానను. కావున ఇందు నేను చేయు విమర్శ మొట్టమొదట నాకే తగులును.

వినోదమునకై చూచుదానినిగూర్చి యింత విచారణ యేల యని కొందఱడుగవచ్చును. ఉపన్యాసము వినునప్పుడు మన బుద్ధి కావలికాయుచుండును. ఒప్పుకొనవలసినదేదో కాదనవలసినదేదో అప్పటికప్పుడు తేల్చుకొందుము. నాటకము చూచునప్పుడు అట్టి కావలి యుండదు. ఎవరిని ప్రేమింపవలెనో, ఎవరిని చూచి నవ్వవలెనో నాటకమే మనకు నేర్పును; మనము నేర్చుకొంటిమన్న సంగతియు మనకు తెలియదు.

ఈ నాటకముల చరిత్రలో నాకు మిక్కిలి యిష్టమైన సంగతి యొకటి కలదు. 1967 జనవరిలో బీబీసీవారు జాన్ గాల్స్‌వర్దీ నవలలనుండి "ది ఫోర్‌సైట్ సాగా" అను కథను 26 భాగములుగా ప్రసారము చేయ మొదలిడిరి. నలుపు తెలుపు బొమ్మలే. మఱుసటి యేడు ఆదివారపు రాత్రులలో దానిని మరల చూపినప్పుడు కొన్నియూళ్లలో చర్చివారు సాయంకాల ప్రార్థనల వేళలను మార్చుకొనిరని చెప్పుదురు. చివరి భాగమును సుమారు 1 కోటి 80 లక్షలమంది చూచిరట. ఆస్తియే ప్రాణముగా గల సోమ్స్ అనువాడు తన భార్యయగు ఐరీనును కూడ ఆస్తిలో నొక వస్తువుగానే యెంచి ఆమెను బలాత్కరించును. తప్పెవరిదని ఆ దేశమున ఇంటింటను వాదములు జరిగినవి. భర్త చేసిన బలాత్కారమును నేరమేయని ఇంగ్లండు న్యాయస్థానములు నిశ్చయించుట 1991లో గాని జరుగలేదు. మన దేశమున 2023 నాటి భారతీయ న్యాయసంహితలోను భర్తకు ఆ మినహాయింపు నిలిచియేయున్నది. కావున సోమ్స్ కథ పరదేశపు పాతకథ యని మనము పెదవి విఱుచుటకు వీలులేదు.

దేశమంతయు సోమ్స్ దోషమును విచారించుచుండగా ఇద్దఱు నటీమణులకు మాత్రము వేఱొక సందేహము కలిగినదని ప్రసిద్ధి. జీన్ మార్ష్, ఐలీన్ అట్కిన్స్ అని వారి పేర్లు. ఈ స్త్రీలు పూటకొక పట్టుగౌను కట్టుచున్నారే, ఈ పురుషులు మడత నలుగని తెల్లచొక్కాలు తొడుగుచున్నారే, వీనినెవరు ఉతుకుచున్నారు? ఎవరు ఇస్త్రీ చేయుచున్నారు? తెరమీద వారెక్కడ? వారిద్దఱి కుటుంబములలోను ధనికుల కొలువు చేసి బ్రతికిన పెద్దలుండిరి. అందుచేతనే వారి కన్ను అచ్చటికి పోయినది. వారు మొదట తలపెట్టినది క్రిందివారి కథయే. తరువాత మేడపైవారును చేరి, 1971లో "అప్‌స్టెయిర్స్, డౌన్‌స్టెయిర్స్" అను పేర ఐటీవీలో ప్రసారమై, 1975 వఱకు 68 భాగములు నడచినది. జీన్ మార్ష్ తానే రోజ్ అను దాసి వేషము ధరించెను. ఆమె 2025లో మరణించినప్పుడు ఆ దేశపు పత్రికలన్నియు మొదట తలచుకొన్నది ఆ రోజ్‌నే.

మొదటి భాగములోని యొక ఘట్టమును చదువరులకు చెప్పవలెను. లండనులో ఈటన్ ప్లేసు 165వ నెంబరు యింటికి పనికోరి యొక పిల్ల వచ్చును. తెలియక ముందుతలుపు తట్టును. నీవు రావలసిన త్రోవ ఇది కాదని, వీథినుండి క్రిందికి దిగు మెట్ల దారి చూపుదురు. లోనికి వచ్చిన తరువాత ఆమె తన పేరు క్లెమెన్స్ అని చెప్పును. ఆ పేరు దాసికి తగినది కాదని యజమానురాలగు లేడీ మార్జొరీ ఆమెకు అప్పటికప్పుడే సారా యని పేరు పెట్టును. ఇందు తిట్టులేదు, కొట్టులేదు. యజమానురాలి కంఠమున కోపమైనను లేదు. ఆ నిదానమే నన్ను కలవరపెట్టినది. మా అమ్మమ్మగారి యింట చిన్నప్పటినుండి పనిచేసిన యొకామె పేరు అమ్మమ్మగారి అత్తగారి పేరేయగుటచేత, ఆ పేరు నోట పలుకరాదని ఆమెను "పిల్లా" యనియే పిలిచిరి. ఆమెకు మనుమలు పుట్టిన తరువాతను ఆ యింట ఆమె పిల్లయే. ఆమె నిజమైన పేరు నాకు తెలిసినది ఆమె పోయిన తరువాతనే. సారా కథ చూచునప్పటివఱకు ఇందులో వింత యేదియు నాకు తోచలేదు.

ఆ ధారావాహికలో లోపములు లేకపోలేదు. గదులు అట్టతో కట్టినట్లే కనబడును. రంగుపరికరములను గూర్చిన కార్మికుల వివాదముచేత మొదటి భాగములు కొన్ని నలుపు తెలుపులలోనే తీయబడినవి. బట్లరు హడ్సను తన యజమానులకంటె ఎక్కువగా యజమాని ధర్మమును నమ్మినవాడు; అతనిని రచయితలు కొంత యెక్కువగా మన్నించిరని నా యభిప్రాయము. అయినను క్రిందివారి దుఃఖమునకు అందు చోటు కలదు. వంటింటి పిల్ల యెమిలీ పొరుగింటి సేవకుని ప్రేమించి, నిరాశచే ఉరిపోసికొనును. ఏ మేడపై దొరయు వచ్చి ఆమెను కాపాడడు. చివరకు 1930లో ఆ యిల్లు అమ్ముడుపోయినప్పుడు ఖాళీగదులలో తిరిగి, అచ్చట వినబడిన పాతమాటలను తలచుకొనునది యజమానులు కారు, రోజ్. నలువది సంవత్సరములు తాను తుడిచిన యిల్లు ఎవరిదను ప్రశ్నను నాటకము నోరువిప్పి అడుగదు గాని, చూచువారికి తట్టకమానదు.

ఇక డౌన్‌టన్ సంగతి. 2010 మొదలు 2015 వఱకు ఐటీవీలో వచ్చి, తరువాత 2019లోను, 2022లోను, 2025లోను మూడు చలనచిత్రములుగా పెరిగిన ఈ కథను జూలియన్ ఫెలోస్ రచించెను. ఇది 1912 ఏప్రిలులో టైటానిక్ ఓడ మునిగిన వార్తతో ఆరంభమగును. ఉదయము ఆఱుగంటలకు వంటింటి పిల్ల డెయిజీ తక్కిన దాసీల తలుపులు తట్టి లేపును; మేడపైవారు మేలుకొనకముందే గదిగదికిని పోయి చలిమంటలు రాజవేయును. ఎంత మంచి యారంభము! 1911 జనాభా లెక్కలలో ఇంగ్లండు, వేల్సులయందు ఇంటికొలువుననున్న స్త్రీలు పదిలక్షలకు మించియుండిరి. స్త్రీలు చేయు వృత్తులలో నదియే యన్నిటికంటె పెద్దది. వారిలో నొకతె చీకటిలో లేచి మనకు దారి చూపుచున్నదని నేను సంతోషించితిని. కాని కొలదిసేపటికే ఎండ వచ్చును, తెరలు తీయుదురు, హైక్లియర్ కోట యొక్క దంతపురంగు గోడలు మెఱయును. అటుపిమ్మట మనము కూర్చుండునది మేడపైనే. డెయిజీ జీతమెంత, ఆమెకు సెలవెప్పుడు, ముసలిదైన తరువాత ఆమె యేమి తినును అనునవి యీ కథకు ముఖ్యములు కావు. ఆమెకు ఎవరిమీద మనసు కలిగినదను దానికి మాత్రము ఎడమున్నది.

ఈ నాటకమునందు నేను పట్టుకొన్న మర్మమొకటి చెప్పెదను. పనివారిలో తృప్తితోనున్నవారందఱు మంచివారు. అతృప్తి గలవారందఱు దుర్మార్గులు. యజమానులను ఆడిపోసికొను థామస్ ద్రాక్షాసారాయము దొంగిలించును. అతనికి తోడైన ఓబ్రయన్ అను దాసి తనను పనినుండి తీసివేయుదురని భ్రమసి, గర్భవతియగు యజమానురాలు జాఱిపడునట్లు సబ్బుముక్కను నేలపై పెట్టును. బట్లరు కార్సను, చెలికత్తె యానా, ఆ యింటినే దైవముగా నమ్మినవారు, సత్పురుషులు. ఐర్లండువాడును సామ్యవాదియునగు మోటారుబండి నడుపు బ్రాన్సన్ ఒకడు ఈ యమరికను ప్రశ్నించి మనచేత మెప్పుపొందును. మంచిదని మనమనుకొనునంతలో అతనికి దొరగారి చిన్నకూతురినిచ్చి, ఆమె మరణానంతరము జమీ వ్యవహారములు చూచు ఉద్యోగము కట్టబెట్టి, మెల్లగా భోజనాలబల్లవద్ద కూర్చుండబెట్టుదురు. వాదముతో ఓడింపలేనివానిని విందుతో ఓడించుట యనగా ఇదియే.

రచయితను నిందించుటకే యిది వ్రాయుటలేదు. ఆయన మనసు మెత్తనిది, మెత్తనిదగుటచేతనే చిక్కు. గ్వెన్ అను దాసి జీతములో మిగిల్చి టైపుయంత్రము కొనుక్కొని రహస్యముగా నేర్చుకొనుట, అది బయటపడినప్పుడు బట్లరుగారు దానిని బల్లమీద పెట్టించి దొంగసొత్తువలె చూచుట మిగుల చక్కని ఘట్టము. షార్టుహ్యాండు, టైపు నేర్చుకొని పట్టణములలో ఉద్యోగములకు వచ్చిన మన తల్లుల తరమువారికి ఆ చూపు తెలియును. కాని గ్వెన్‌కు ఉద్యోగము దొరకునది దొరగారి కూతురు సిబిల్ దయవలన. ఈథెల్ కథయు నిట్టిదే. యుద్ధకాలమున ఆ మేడలో చికిత్సకు వచ్చిన సైనికాధికారి యొకడు ఆమెను మోసపుచ్చును, ఆమెకు పని పోవును, బిడ్డ పుట్టును, కడకు ఆకలికి తాళలేక ఒళ్లమ్ముకొని బ్రతుకును. దయగల యిసొబెల్ క్రాలీ ఆమెను వంటకు పెట్టుకొనగా, ఆ యింట అంతకుముందున్న వంటామె మానుకొని వెడలిపోవును. ఒకనాడు దొరసానులందఱు ఆ యింట ఈథెల్ వండిన భోజనము చేయుచుండగా దొరగారు రోషముతో వచ్చి లేచి రండని శాసింతురు. వారు లేవరు. ఆ ఘట్టము చూచి నేను చప్పట్లు కొట్టితిని. సంస్కారులమనుకొనువారికి ఇంతకంటె ప్రియమైన దృశ్యముండునా? కన్యాశుల్కములో సౌజన్యారావుపంతులుగారు మధురవాణి యెదుట తటపటాయించిన తటపటాయింపును ఎఱిగినవారమైన మనకు ఆ దొరసానుల నిబ్బరము ముచ్చటగానుండును. కాని రెండవమాఱు చూచినప్పుడు నా దృష్టి పళ్లెము పట్టుకొని నిలిచియున్న ఈథెల్ మీదికి పోయినది. తన్నుగూర్చి అంత వాదము జరుగుచుండగా ఆమెకు నోరెత్తు సందు లేదు. ఆమె శీలమునుగూర్చి తీర్పు చెప్పువారు మారిరి గాని, తీర్పు చెప్పు స్థానము మాత్రము మారలేదు.

ఈ పూర్వకాలపు కథలలో నిక్కముగా బలమున్న చోటేదియనిన, ఆడుపిల్లలును ఆస్తియును. అచ్చట ఇవి మెత్తబడవు. ఏలయనగా అది మేడపైవారి సొంతనొప్పి. 1995లో బీబీసీవారు ఆఱు భాగములుగా చూపిన "ప్రైడ్ అండ్ ప్రెజుడిస్"ను అందఱును డార్సీ కొఱకు చూచిరి. కాలిన్ ఫర్త్ తడిచొక్కాతో చెఱువునుండి వచ్చు దృశ్యమును జేన్ ఆస్టెన్ వ్రాయనేలేదని ఎవరికిని జ్ఞప్తిలేదు. నాకు మాత్రము ఆ కథలో మిసెస్ బెనెట్ తల్లిమీదనే జాలి. ఐదుగురు కూతుండ్రు, కొడుకులు లేరు, తండ్రి కన్నుమూసిన మఱునాడు ఇల్లు పొలము ఎక్కడివాడో యొక దాయాది పాలగును. తండ్రి పుస్తకాలగదిలో కూర్చుండి చమత్కారములాడును. తల్లి వీథినబడి సంబంధములు వెదకును. కథ మనలను తండ్రితో కలిసి తల్లినిచూచి నవ్వుమనును. నటి ఆలిసన్ స్టెడ్‌మన్ కీచుకంఠముతో ఆ నవ్వును రెట్టింపు చేసెను. ఇది న్యాయము కాదు. ఆ యింటిలో లెక్క తెలిసిన మనిషి ఆమె యొక్కతెయే. ఇరువదియేడేండ్ల షార్లట్ లూకాసు, తెలివిమాలిన కాలిన్సును తెలిసి తెలిసి పెండ్లాడి, భర్త తఱచు రాకుండునట్లు తన కూర్చుండు గదిని ఇంటి వెనుకభాగమున ఏర్పఱచుకొన్న సంగతిని ఆ నాటకము చక్కగా చూపినది. ఆ గది నాకు డార్సీగారి చెఱువుకంటె విలువైనది.

ఇట్టిది మనకు బోధపడుటకు వ్యాఖ్యానము వలదు. మితాక్షరన్యాయము క్రింద పిత్రార్జితములో ఆడుపిల్లకు జన్మచే వచ్చు భాగము లేకయుండెను. ఆంధ్రప్రదేశములో 1985 సెప్టెంబరు 5 నుండి, అప్పటికి పెండ్లికాని కూతుండ్రకు కొడుకులతో సమానమైన హక్కు శాసనముచే వచ్చినది. దేశమంతటికి ఆ హక్కు 2005లో వచ్చినది. శాసనము వచ్చిన తరువాతను, అన్నదమ్ములు చూపిన కాగితముమీద చేవ్రాలు చేసి పసుపుకుంకుమల పేర చీర తెచ్చుకొన్న ఆడుపడుచులు మన బంధువర్గములో నెందఱో లెక్కించుకొనవచ్చును. డౌన్‌టన్‌లో పెద్దకూతురు మేరీకి జమీ రాకపోవుటయు, తల్లి కోరా అమెరికానుండి తెచ్చిన ధనము జమీలో కలిసిపోయి మరల విడదీయ వీలులేకుండుటయు మొదటి సంవత్సరపు కథకంతకు ఆధారము. దొరగారు ఆ ధనముకొఱకే ఆమెను పెండ్లాడితినని ఒప్పుకొనును. తరువాత ప్రేమ కలిగినదట. దీనికి మనయొద్ద వరకట్నమని పేరు. కథ తీసిన హైక్లియర్ కోటయు నట్టిదే. 1895లో కార్నార్వన్ ప్రభువును వివాహమాడిన ఆల్మినా తెచ్చిన రాత్స్‌చైల్డు ధనముతో ఆ కోట అప్పులనుండి తేఱినది. మన పిల్లలు ఆ కోటను చూచి మురియుదురు. అది కట్నపు సొమ్ముతో నిలిచిన మేడయని చెప్పిన చిన్నబోవుదురు.

హాస్యనాటికల కడకు వచ్చుసరికి గాలి మారును. గంభీరమైన కథలు ఉత్తరీయము సవరించుకొని చెప్పలేని మాటలను ఇవి విదూషకవేషమున చెప్పివేయును. "బ్లాకాడర్" అనునది 1983 మొదలు 1989 వఱకు నాలుగు వేర్వేఱు యుగముల కథలుగా వచ్చినది. 1987 నాటి మూడవ కథలో రోవన్ అట్కిన్సన్ మూఢుడైన యువరాజునకు బట్లరు. ఒక భాగములో తన నౌకరు బాల్డ్రిక్‌ను పార్లమెంటునకు ఎన్నిక చేయించును. ఆ నియోజకవర్గములో మూడు ఆవులు, ఒక కుక్క, ఒక కోడి; ఓటరు ఒక్కడు. ఆ యోటరును, ఎన్నికల అధికారియు బ్లాకాడరే. బాల్డ్రిక్‌కు వచ్చిన ఓట్లు 16,472. నవ్వుదుము గాని, ఇది కల్పన యని తోసివేయలేము. పాడుబడిన దిబ్బయగు ఓల్డ్ సేరమ్ అనుచోటునుండి 1832 వఱకు ఇద్దఱు సభ్యులు పార్లమెంటునకు పోవుచునే యుండిరి. జేన్ ఆస్టెన్ కథలలోని పెద్దమనుషులు నృత్యమాడు గదికి ఆవలనున్నది ఈ దేశమేయని ఏ పట్టుతెరల నాటకమును మనకు చెప్పలేదు.

ఆ కథ చివరి భాగము మఱింత పదునైనది. ద్వంద్వయుద్ధమునకు భయపడి యువరాజు తన దుస్తులు బట్లరునకిచ్చి, తాను బట్లరు దుస్తులు తొడుగును. అంతలో వచ్చిన వెలింగ్టను ప్రభువు, సేవకవేషములోనున్న యువరాజును మాటిమాటికి తన్నుచుండును. అంతవఱకు ఆ దేహము పూజ్యమైనది; బట్ట మారినతోడనే తన్నదగినదైనది. తుదకు నిజమైన యువరాజు చచ్చును, బట్లరు యువరాజగును, పిచ్చిరాజగు తండ్రికి భేదము తెలియదు. డౌన్‌టన్ 52 భాగములు చెప్పక దాచినదానిని ఈ ముప్పది నిమిషములు చెప్పినవి. అదేకాలమున, 1990 మొదలు 1993 వఱకు వచ్చిన "జీవ్స్ అండ్ వూస్టర్"లోను సేవకుడే తెలివిగలవాడు, దొర తెలివిమాలినవాడు. కాని జీవ్స్‌కు ఆ స్థితిమార్పుపై కోరిక లేదు, కావుననే అతడు అందఱికిని ముద్దు. బ్లాకాడరునకు కోరిక కలదు. అయినను దీనిలోను మచ్చ యున్నది. బాల్డ్రిక్ మురికిని, ఆకలిని, తెలివితక్కువను చూచి మనలను అదేపనిగా నవ్వించుట నాకు రుచింపలేదు. పేదవాని కంపు ఎంతకాలము నవ్వులాట కాగలదు?

1989 నాటి నాలుగవ కథ మొదటి మహాయుద్ధపు కందకములలో జరుగును. నవంబరు 2న చూపిన తుదిభాగములో, ఆఱు వారములు మనలను నవ్వించినవారందఱు తుపాకులు పట్టి కందకము దాటి పరుగెత్తుదురు. ఆ పరుగు మెల్లనై, పొగలో కలిసి, పూలచేనుగా మారును. ఒక్కరును తిరిగిరారు. గంభీరనాటకమగు డౌన్‌టన్‌లో అదే యుద్ధమున నడుము పడిపోయిన మాథ్యూ మరల లేచి నడచి జమీకి వారసుడగును. రెండింటిలో ఏది వినోదమో, ఏది చరిత్రయో నిర్ణయించుట చదువరులకే విడుతును.

"డాడ్స్ ఆర్మీ"నిగూర్చి ఒక్కమాట. 1968 మొదలు 1977 వఱకు 80 భాగములు. రెండవ యుద్ధకాలపు ముసలి స్వచ్ఛందసైనికుల కథ. కాప్టెన్ మేన్‌వారింగ్ బ్యాంకు మేనేజరు, స్వయంకృషిచే పైకి వచ్చినవాడు. అతని క్రింది సార్జంటు విల్సన్ పుట్టుకచే పెద్దయింటివాడు. ఆజ్ఞ ఇచ్చువాడు పైవాడే, కాని ఆజ్ఞాపించినప్పుడెల్ల అతని మెడ బిగుసుకొనును; క్రిందివాడు సోఫాకు చేరగిలినట్లు నిలుచును. అదే మేన్‌వారింగ్, కూరగాయలమ్ము హాడ్జెస్‌ను తన సరసకు రానీయడు. పైకి చూచి కుమిలిపోవువాడు క్రిందికి చూచి ముక్కు మూసికొనుట మన కులభేదముల నడుమ పెరిగినవారికి కొత్తగాదు. ఒక్క పాత్రకు కూడ ఉపన్యాసమీయకయే దీనిని చూపిన నేర్పు గొప్పది.

అయితే హాస్యమునకు సర్వత్ర ధైర్యముండునని నమ్మరాదు. ఈ రచయితలే, జిమ్మీ పెరీ, డేవిడ్ క్రాఫ్ట్ అనువారు, 1974 మొదలు 1981 వఱకు "ఇట్ ఎయిన్ట్ హాఫ్ హాట్ మమ్" అను నాటికను నడపిరి. నాసిక్ దగ్గఱి దేవలాలి శిబిరములోని తెల్లసిపాయిల కథ. అందలి ముఖ్యుడైన హిందూస్థానపు సేవకుడు రంగీరామ్ వేషమును మైకేల్ బేట్స్ అను తెల్లవాడు మొగమునకు రంగు పూసికొని ధరించెను. ఆయన ఝాన్సీలో జన్మించినవాడే. మన భాష వినియెఱిగినవాడే. అయినను రంగు రంగే. తరువాతి కాలమున బీబీసీవారే దానిని మరల చూపుటకు వెనుదీసిరి. 1984లో వచ్చిన "ది జ్యూయెల్ ఇన్ ది క్రౌన్" 14 భాగముల గంభీరకథ. అందు హరికుమార్ పాత్ర మన ఆర్ట్ మాలిక్ ధరించినది. 1942 ఆగస్టు అల్లరులలో చేయని నేరమునకు చెఱసాలలో హింసపడును. ఇంత గొప్ప పాత్ర నడుమనే కనుమఱుగై, మిగిలిన కథయంతయు ఆంగ్లస్త్రీల యొంటరితనముతోను, వారి పాతసామానుల పెట్టెలతోను నడచును. పెగీ ఆష్‌క్రాఫ్ట్ నటనకు నేను కంటతడిపెట్టితిని, దాచుటయేల? కాని ఆ 1942 ఆగస్టు 12న తెనాలిలో తుపాకిగుండ్లకు ఏడుగురు ప్రాణములు విడిచిరి. అట్టి యింటి తల్లి దుఃఖము ఆ 14 భాగములలో ఎక్కడ చొరగలదని వెదకిన, సందులేదు. ఇచ్చట మనదేశమంతయు మెట్లక్రిందిది.

ఇంతకు నన్నీ వ్యాసము వ్రాయ పురికొల్పినది పుస్తకజ్ఞానము కాదు. మా యింట అంట్లు తోమి, ఇల్లు తుడిచి పోవు ఆమె యొక సాయంకాలము పని ముగించి, హాలు తలుపువద్ద నిలిచి డౌన్‌టన్ కొంతసేపు చూచినది. కూర్చోమంటిని, వద్దన్నది. నేనును మరల అనలేదు. తెరమీద వంటింటి నడవలో వరుసగా గంటలు వ్రేలాడుచుండెను.

"అమ్మగారూ, ఆ గోడమీద గంటలు దేనికండీ?"

ఒక్కొక్క గదికి ఒక్కొక్క గంట యుండుననియు, పైన దారము లాగినచో క్రింద ఏ గది గంట మ్రోగినదో చూచి పనివారు పరుగెత్తుదురనియు చెప్పితిని. ఆమె కొంచెము నవ్వినది. తరువాత తెరమీద పనివారందఱు పొడవైన బల్లచుట్టు చేరి అన్నము తిను దృశ్యము వచ్చినది. పింగాణిపళ్లెములు, చెంచాలు, నడుమ దీపము. ఆమె చాలసేపు కదలక చూచి,

"వాళ్లకి కుర్చీలున్నాయేనండీ!" అన్నది.

మా మేడలో పనివారెక్కుటకు వేఱు లిఫ్టు కలదు. మా వంటింటి వెనుక కిటికీమీద ఆమె కాఫీ త్రాగు స్టీలుగ్లాసు వేఱుగా నుండును. అది మా అత్తగారి నాటినుండి వచ్చిన యేర్పాటని చెప్పుకొనుచుంటిని. ఆమె స్వర్గస్థురాలై తొమ్మిదేండ్లయినది. ఆ మఱునాడు ఉదయము ఆ గ్లాసును కడిగి లోపలి అరలో తక్కిన గ్లాసులతో కలిపి పెట్టితిని. పది గంటలకు కాఫీవేళ ఆమె కిటికీమీద చేయి తడిమి, లోపలికి వచ్చి అరలో వెదకి, అంచు సొట్టనుబట్టి దాని నానవాలు పట్టి తీసికొన్నది. కాఫీ త్రాగిన తరువాత కడిగి, ఎప్పటివలెనే కిటికీమీద బోర్లించి పోయినది.